ఖాళీ అక్వేరియానికీ మేత కావాలి

ప్రశ్న: ఇటీవల 60 లీటర్ల గాజు అక్వేరియం కొన్నాము. అడుగున కడిగిన గులకరాళ్లు పరిచి, కుళాయి నీరు నింపి, ఫిల్టరు నడుపుతున్నాము. మూడు రోజులుగా నీరు ఎంతో తేటగా ఉంది. చేపలు తెమ్మని పిల్లలు తొందర పెడుతున్నారు. చేపలు పెంచే అలవాటున్న బంధువు ఒకరు మాత్రం నెల రోజులైనా ఆగమంటున్నారు. నిజంగా అంత కాలం ఆగాలా? ఈలోగా మేము చేయవలసింది ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆగాలి. అయితే ఊరికే ఆగితే మాత్రం ఫలితం ఉండదు. నీరు తేటగా ఉందంటే అందులో మట్టి, దుమ్ము లేవని మాత్రమే అర్థం. చేప ప్రాణం తీసే అమ్మోనియాకు గానీ, నైట్రైట్‌కు గానీ నీటిలో రంగు ఉండదు కనుక వాటి సంగతి కంటితో చూసి చెప్పలేము.

చేప తన మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను విడుదల చేస్తూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత, మలం కుళ్లినప్పుడు పుట్టేదీ అదే. చిన్న గాజు తొట్టెలో ఈ అమ్మోనియాను ప్రధానంగా రెండు రకాల బాక్టీరియా వదిలిస్తాయి: ఒక రకం దానిని నైట్రైట్‌గా మారిస్తే, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువును మోయలేని రూపంలోకి మార్చేస్తుంది కనుక, నీటిలో ప్రాణవాయువు ఎంత ఉన్నా చేపకు ఊపిరాడదు. చివరకు మిగిలే నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. అప్పుడప్పుడు కొంత నీరు మారుస్తూ ఉంటే అది మితిమీరి పేరుకోదు.

ఈ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతాయి. తగినంతగా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి ఆహారం అమ్మోనియాయే కనుక, అది లేని నీటిలో నెల రోజులు ఫిల్టరు నడిపినా ట్యాంకు మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఓపికగా ఆగి, ఆ తరువాత చేపలను పోగొట్టుకున్నవారిని చూస్తే నాకు ఎంతో బాధ కలుగుతుంది.

ముందుగా నీటిలోని క్లోరిన్‌ను వదిలించండి. అది ఈ బాక్టీరియాను కూడా చంపుతుంది. ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది గానీ, శుద్ధికి క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) వాడిన నీరైతే అలా పోదు. కనుక సోడియం థయోసల్ఫేట్ ఉన్న వాటర్ కండిషనర్ వాడడమే క్షేమం. తరువాత అమ్మోనియం క్లోరైడ్ కలిపి, అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండేటట్లు చూడండి. మీ 60 లీటర్లకు అరగ్రాముకు లోపే సరిపోతుంది కాబట్టి చెంచాతో అంచనా వేయకుండా తూచి వేయండి. చిటికెడు చేపల మేత వేసి కుళ్లనివ్వడం మరొక పద్ధతి. అదీ పనిచేస్తుంది గానీ, ఎంత అమ్మోనియా పుడుతుందో మన అదుపులో ఉండదు.

ఇక ద్రవరూపంలో దొరికే టెస్ట్ కిట్ తప్పనిసరి. గాజు గొట్టంలోకి నీరు తీసుకొని చుక్కలు వేశాక, అమ్మోనియా పరీక్షలో సాధారణంగా పసుపు రంగు వస్తే లేదని, ఆకుపచ్చకు తిరిగితే ఉందని అర్థం. గొట్టాన్ని తెల్ల కాగితం ముందు, పగటి వెలుతురులో పట్టుకొని రంగుల పట్టికతో పోల్చండి. దీపం కాంతిలో లేత పసుపు, లేత ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రోజుల్లో ఆకుపచ్చ కదలదు. తరువాత అది తగ్గుతూ ఉండగా నైట్రైట్ పరీక్షలో గులాబీ లేదా ఊదా రంగు ముదురుతుంది. ఈ రెండో దశే ఎక్కువ కాలం సాగుతుంది కనుక నిరుత్సాహపడకండి. అమ్మోనియా పడిపోయినప్పుడల్లా మళ్లీ కొద్దిగా కలపండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించిన రోజున మీ ట్యాంకు సిద్ధమైనట్లు. అప్పుడు సగానికి పైగా నీరు మార్చి, కొద్ది చేపలతో మొదలుపెట్టండి.

నీటి ఉష్ణోగ్రత 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే పని త్వరగా జరుగుతుంది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 6 కంటే తగ్గితే దాదాపు ఆగిపోతుంది. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండవు, ఫిల్టరులోని స్పాంజిని, రాళ్లను అంటిపెట్టుకొని ఉంటాయి. అందువల్ల ఫిల్టరును రాత్రిపూట ఆపకండి, స్పాంజిని కుళాయి కింద కడగకండి. మొదటి వారాల్లో నీరు పాలవలె మసకబారితే కంగారుపడవద్దు. అది వేరే బాక్టీరియా వల్ల వచ్చేది, తనంతట తానే తేటపడుతుంది. మీ బంధువు ట్యాంకులో చేపలు ఆరోగ్యంగా ఉంటే, వారి ఫిల్టరులోని స్పాంజి ముక్క ఒకటి అడిగి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. నిరీక్షణ గణనీయంగా తగ్గుతుంది.

ప్రశ్న: ఈ విషయం తెలియక కొత్త ట్యాంకులో అప్పుడే నాలుగు చేపలను వదిలాము. అవి నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి. ఇప్పుడు ఏమి చేయాలి?
— మరొక పాఠకుడు

జవాబు: ఈరోజే మూడో వంతు నీరు మార్చండి. కొత్త నీరు క్లోరిన్ లేనిదై, ట్యాంకు నీటితో సమానమైన వెచ్చదనంలో ఉండాలి. ఒకటి రెండు రోజులు మేత పూర్తిగా ఆపినా ఆరోగ్యమైన పెద్ద చేపలకు నష్టం లేదు. ఆ తరువాత కూడా నిమిషంలో తినేయగలిగినంతే వేయండి. గాలి బుడగలు బాగా వచ్చేటట్లు ఎయిర్ పంపు నడపండి. అమ్మోనియా, నైట్రైట్‌లను రోజూ పరీక్షిస్తూ, ఏ ఒక్కటి కనిపించినా మళ్లీ నీరు మార్చండి. పీహెచ్ 8 ఉన్న నీటిలో అమ్మోనియా, పీహెచ్ 7 ఉన్న నీటిలో కంటే ఎన్నో రెట్లు విషపూరితం కనుక పీహెచ్‌నూ ఒకసారి కొలవండి. రెండు పరీక్షలూ వరుసగా వారం రోజులు సున్నా చూపేవరకు మరొక చేపను తేవద్దు.