పాఠకుల ప్రశ్నలు: మంచానపడినవారికి వంతుల భోజనం

ప్రశ్న: మా విచారణలో (పారిష్‌లో) మంచానపడినవాళ్ళకు మహిళా సంఘం తరఫున భోజనం పంపుతున్నాం. పండుగనాడు ఒకే ఇంటికి నాలుగు క్యారేజీలు వెళ్తాయి, మామూలు రోజుల్లో ఒక్కటీ వెళ్ళదు. పునీత విన్సెంట్ డి పాల్ కాలంలో స్త్రీలు దీన్నెలా నడిపారు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: విన్సెంట్ పెట్టిన స్త్రీల సంఘం పుట్టిందే మీకొచ్చిన చిక్కులోంచి. 1617 ఆగస్టులో విన్సెంట్ ఫ్రాన్సులోని షాతియోన్ అనే చిన్న ఊళ్ళో విచారణ గురువు. ఊరి బయట ఒకింట్లో అందరూ జబ్బుపడ్డారని, చూసే దిక్కు లేదని ఆదివారం పూజకు ముందు ఆయనకు కబురొచ్చింది. ప్రసంగంలో ఆ మాట చెప్పారు. మధ్యాహ్నానికల్లా ఆ దారంతా గిన్నెలు పట్టుకుని వెళ్ళే ఆడవాళ్ళూ, తిరిగొచ్చే ఆడవాళ్ళే! ఇవాళ వచ్చిందంతా తినలేక పాడైపోతుంది, రేపటికి మళ్ళీ పస్తే అని ఆయనకు అర్థమైంది. ఆ నెల 23న కొందరు స్త్రీలను కూర్చోబెట్టి వంతులు వేశారు. నవంబరులో నియమావళికి ఆమోదం వచ్చింది, డిసెంబరు 8న సంఘం ఏర్పడింది.

సభ్యులు 20 మందికి మించకూడదన్నారు. రోజుకొకరు చొప్పున వంతు వేస్తే, ఎవరికైనా సుమారు ఇరవై రోజులకోసారి వస్తుంది, ఇంటి పని చెడదు. వంతుమనిషి కోశాధికారి దగ్గర ఆ రోజు ఖర్చుకు తీసుకుని, తానే వండి, తానే మోసుకెళ్ళాలి. రొట్టె తిన్నంత. మధ్యాహ్నం ఉడికించిన గొర్రె మాంసమో దూడ మాంసమో పావు పౌను, అంటే మన లెక్కలో సుమారు 120 గ్రాములు. రాత్రికి అంతే, కానీ కాల్చింది. ఆదివారాలు, పండుగలప్పుడు మధ్యాహ్నం ఉడికించిన కోడి. మాంసం మానే శుక్ర, శనివారాల్లో పూటకు రెండు గుడ్లు, సూపు, కాస్త వెన్న. గట్టి పదార్థం దిగనివాళ్ళకు గంజిలాంటి పలుచని ఆహారం, గుడ్లు.

వడ్డన గురించి రాసిన భాగం మీ సంఘంలో గట్టిగా చదివి వినిపించదగ్గది. నవ్వు ముఖంతో పలకరించాలి. మంచం మీద పళ్ళెం అమర్చి, దాని మీద గుడ్డ, గిన్నె, చెంచా, రొట్టె పెట్టాలి. రోగి చేతులు కడిగి, ప్రార్థన చెప్పి, మాంసం చిన్న ముక్కలు చేసి, ప్రేమగా తినిపించాలి. ఇంకో మాట: తోడున్నవాళ్ళ ఇంటికి ముందు, ఒంటరివాళ్ళ ఇంటికి చివర వెళ్ళాలి. ఒంటరి ముసలమ్మ దగ్గరికి ముందు వెళ్తే, మిగతా ఇళ్ళలో కూర చల్లారిపోతుందన్న తొందరలో గిన్నె అక్కడ పెట్టేసి లేచొచ్చేస్తాం. చివర వెళ్తే కూర్చోవడానికి తీరిక ఉంటుంది. బొత్తిగా కదల్లేని ఒంటరివాళ్ళను కనిపెట్టుకోవడానికి, సంఘం డబ్బుతో ఇద్దరు పేద స్త్రీలను జీతానికి పెట్టుకునేవాళ్ళు.

మీరు ఎనిమిది మందే ఉంటే రోగుల జాబితాను తగ్గించుకోండి, వంతులు పెంచకండి. కొత్త పేరు చేర్చాల్సింది సంఘ పెద్ద, వంతుమనిషి కాదు. దారిలో కనిపించినవాళ్ళందర్నీ చేర్చుకుంటూ పోతే, నెల తిరిగేసరికి ముందు ఒప్పుకున్నవాళ్ళకే కూడు అందదు.

ప్రశ్న: చందా డబ్బు ఒకరి దగ్గరే ఉంటే మాటలొస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: షాతియోన్ సంఘం డబ్బు పెట్టెకు రెండు వేర్వేరు తాళాలు. ఒక తాళంచెవి సంఘ పెద్ద దగ్గర, ఇంకోటి కోశాధికారి దగ్గర. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరుచుకునేది. అర్ధరాత్రి అవసరానికి కోశాధికారి చేతిలో ఒక్క ఎక్యూ (ఆనాటి ఫ్రెంచి నాణెం) ఉంచుకోవచ్చు. మీకైతే బ్యాంకులో ఇద్దరి సంతకాలతో ఖాతా, చేతిలో రెండు రోజుల కూరగాయలకు సరిపడా నగదు చాలు. నెలనెలా సంఘం కూడినప్పుడు లెక్క చదివేయండి.

ప్రశ్న: వంతు వచ్చినప్పుడు పనిమనిషితో పంపిస్తే తప్పా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పారిస్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 1630 నాటికి అక్కడి విచారణల్లో పెద్దింటి స్త్రీలు ఇలాంటి సంఘాల్లో చేరారు. కొందరు ఇరుకు మేడమెట్లు ఎక్కలేకపోయారు. కొందరిని జబ్బు అంటుతుందని భర్తలు పోనివ్వలేదు. పనివాళ్ళను పంపితే వాళ్ళకు రోగిని చూసుకోవడం తెలియదు, మనసూ లేదు. తప్పు ఆ పనివాళ్ళది కాదు, తాము కోరి ఒప్పుకోని పని అది.

దాన్ని చక్కదిద్దింది సురేన్ అనే పల్లె నుంచి వచ్చిన మార్గరెట్ నాసో. ఆవుల్ని కాస్తూ, దారిన పోయేవాళ్ళను అక్షరాలు అడిగి చదువు నేర్చుకున్న మనిషి. ఈ పని తనకిమ్మని తానే వచ్చింది. 1633లో, ప్లేగు సోకిన ఒకామెను తన పక్కలోనే పడుకోబెట్టుకుని, అదే జబ్బుతో పోయింది. ఆ ఏడు నవంబరు 29న లూయీజ్ ద మారియాక్ అనే వితంతువు అలాంటి పల్లె అమ్మాయిల్ని కొందరిని తన ఇంట్లో చేర్చుకుని పని నేర్పడం మొదలుపెట్టారు. దయాపుత్రికల మఠసభకు మొదలు అదే.

కాబట్టి మీరు వెళ్ళలేని రోజున ఇంకో సభ్యురాలితో వంతు మార్చుకోండి. లేదా ఇష్టపడి వచ్చే మనిషికి పని నేర్పి, జీతమిచ్చి, సంఘం మనిషిగానే చూడండి.

ప్రశ్న: మా గుడిలో ఉన్న విన్సెంట్ డి పాల్ సొసైటీ ఇదేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదు. అది 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్, మరికొందరు విద్యార్థులు కలిసి పెట్టింది. అయితే పేదల ఇళ్ళకు ఎలా వెళ్ళాలో వాళ్ళకు నేర్పింది ఒక దయాపుత్రిక, సిస్టర్ రోజలీ రాండ్యూ.