ఎనిమోన్ ముడుచుకుంటే జబ్బు చేసినట్టేనా?

ఇంటి అక్వేరియం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో మూడు వందల లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. ఏడాది దాటింది. రెండు నెలల క్రితం బబుల్ టిప్ ఎనిమోన్‌ను (నోటి చుట్టూ వేళ్ళలాంటి స్పర్శకాలతో పువ్వులా విచ్చుకునే సముద్ర జీవి) తెచ్చి పెట్టాము. పళ్ళెమంత విచ్చుకుని ఉండేది కాస్తా ఈమధ్య రెండు మూడు రోజులకొకసారి నిమ్మకాయంత ముడుచుకుపోతోంది. నోట్లోంచి గోధుమరంగు తీగల్లాంటివి వస్తున్నాయి. మర్నాటికి మళ్ళీ మామూలుగానే ఉంటోంది. స్పర్శకాల కొనల మీది బుడగలు కూడా పోయాయి. చచ్చి నీరంతా పాడుచేస్తుందేమో, తీసెయ్యమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: తీసెయ్యకండి. మీరు రాసిన లక్షణాల్లో ప్రాణభయం కలిగించేది ఏదీ లేదు.

ఎనిమోన్‌కు ఎముక గాని, గుల్ల గాని లేదు. ఒంట్లోకి నీరు నింపుకుంటేనే అది నిలబడుతుంది, స్పర్శకాలు సాగుతాయి. దాని శరీరానికి ఉన్న ద్వారం కూడా ఒక్కటే. తిండి లోపలికి పోయేదీ, అరగనిది బయటికి వచ్చేదీ ఆ నోటి గుండానే. అందువల్ల లోపల నిలిచిన నీటినీ వ్యర్థాన్నీ వదిలించుకోవాలంటే ఒకసారి ఒళ్ళంతా ఖాళీ చేసుకోక తప్పదు. మీకు కనిపించిన గోధుమరంగు తీగలు ఆ వ్యర్థమే. అరగని మేతతోపాటు, దాని కణజాలంలో నివసించే జూజాంథెల్లే అనే సూక్ష్మశైవలాల్లో (కంటికి కనబడనంత చిన్న నాచు) మిగులుగా ఉన్నవి కూడా అందులో కలిసి బయటికి వస్తాయి. కొన్ని గంటల్లోనో, మర్నాటికో తిరిగి నీరు నింపుకుని విచ్చుకుంటున్నంత వరకు దిగులు పడవలసిన పని లేదు.

అయితే రెండు మూడు రోజులకొకసారి అంటే కొంచెం ఎక్కువే. మేత ఎంత తరచుగా వేస్తున్నారో మీరు రాయలేదు. రోజూ రొయ్య ముక్క అందిస్తున్నట్టయితే ఆ ముడుచుకోవడానికి కారణం అదే అయి ఉండవచ్చు. ఈ జీవికి కావలసిన శక్తిలో అధికభాగం, వెలుతురు సాయంతో ఆ శైవలాలు చేసే కిరణజన్య సంయోగక్రియ నుంచే వస్తుంది. సరైన లైటు రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు వెలుగుతూ ఉంటే, వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు, దాని నోటి కన్నా చిన్నదైన పచ్చి రొయ్య ముక్క గాని చేప ముక్క గాని సరిపోతుంది. పెద్ద ముక్క పెడితే మింగినట్టే మింగి, రాత్రికి కక్కేస్తుంది. ఆ కక్కినది రాళ్ళ సందుల్లో కుళ్ళి నీటిని చెడగొడుతుంది.

ఎనిమోన్ ఆరోగ్యాన్ని దాని పరిమాణంతో కొలవవద్దని నేను గట్టిగా చెబుతాను. చూడవలసినవి నోరు, పాదం, స్పర్శకాల జిగురు. ఆరోగ్యంగా ఉన్న ఎనిమోన్ నోరు సన్నని గీతలా బిగిసి ఉంటుంది. అది వదులై, గంటల తరబడి తెరుచుకుని, లోపలి పొర బయటికి తిరగబడి కనిపిస్తే అది ప్రమాద సూచన. రెండోది, దాని పాదం రాతిని గట్టిగా పట్టుకుని ఉండాలి; పట్టు వదిలేసి నీటి వాలుకు దొర్లుతున్న ఎనిమోన్ ఏదో తీవ్రమైన ఇబ్బందిలో ఉన్నట్టు. ఇక మేత ముక్కను పొడవాటి పటకారుతో స్పర్శకాలకు తాకించినప్పుడు అవి దాన్ని అంటుకుని నోటివైపు వంగాలి. ఎంతసేపు తాకించినా పట్టించుకోకపోతే మేతను కుట్టి పట్టే దంశకణాలు సరిగా పనిచేయడం లేదన్నమాట. ఈ మూడూ బాగున్నప్పుడు ఎంత ముడుచుకున్నా వేచి చూడవచ్చు. మూడూ చెడి, ఒళ్ళు జావగారి, నీటిలోంచి పైకి తీస్తే కుళ్ళు వాసన వస్తుంటే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా బయటికి తీసి, నీరు కొంత మార్చి, ఫిల్టరులో మలినాలను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ వేయాలి. చచ్చిన ఎనిమోన్ వదిలే అమ్మోనియా చిన్న తొట్టెలో చేపలన్నిటి ప్రాణం తీయగలదు, కాబట్టి మీ ఇంట్లోవారి భయం ఆ సందర్భానికి తగినదే.

బుడగలు పోవడం జబ్బు కాదు. ఒకే తొట్టెలో, ఒకే లైటు కింద, అదే ఎనిమోన్‌కు బుడగలు రావడం, కొన్ని నెలలకు పోయి స్పర్శకాలు సన్నగా పొడవుగా మారడం, మళ్ళీ రావడం మామూలే. వాటి కోసం లైటు మార్చడం, మందులు వేయడం చేయకండి. ఇంకొక మాట కూడా మీ ఇంట్లోవారికి చెప్పండి. 1828లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు సర్ జాన్ డాలియెల్ స్కాట్లాండ్ తీరంలో సేకరించిన ఒక ఎనిమోన్, ఆయన పోయిన తరువాత కూడా చేతులు మారుతూ, గాజు పాత్రలోనే 1887 వరకు బతికింది. సరిగా చూసుకుంటే ఇది కొన్నాళ్ళు ఉండి పోయే ప్రాణి కాదు.

ప్రశ్న: మా ఎనిమోన్‌ను మధ్యలో అందంగా కనిపించే రాతి మీద పెడితే, మూడు రోజుల్లో పాకుతూ వెనక గాజుకు చేరింది. మళ్ళీ తెచ్చి అక్కడే పెడితే మళ్ళీ వెళ్ళింది. పైగా రెండు ఆసెల్లారిస్ క్లౌన్ చేపలు ఉన్నా అవి దాని దగ్గరకే పోవడం లేదు. ఇవి ఒకదానికొకటి పడవా?
(ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: దాన్ని మీకు నచ్చిన చోట ఉంచలేరండీ; దానికి నచ్చిన చోటే అది ఉంటుంది. వెలుతురు, నీటి వాలు, పాదం దాచుకోవడానికి రాతిలో లోతైన సందు, ఈ మూడూ కుదిరే వరకు బబుల్ టిప్ తిరుగుతూనే ఉంటుంది. మీరు పట్టి లాగిన ప్రతిసారీ పాదం చిరిగే ప్రమాదం ఉంది. చిరిగిన పాదంలో క్రిములు చేరి ఎనిమోన్లు చనిపోవడం చాలా సాధారణం. అది వెనక గాజును ఎంచుకుందంటే మీ రాయిలో అది పట్టుకోదగిన సందు లేదని అర్థం చేసుకుని, లోతైన చీలిక ఉన్న రాయినొకదాన్ని ఆ గాజు దగ్గరకు జరిపి ఊరుకోండి.

ఈ తిరుగుడులో అసలు ముప్పు వేవ్‌మేకరు, అంటే తొట్టెలో నీటిని కదిలించే పంపు. రాత్రివేళ పాకుతూ వెళ్ళి పంపు నీటిని పీల్చుకునే చోట చిక్కుకుంటే ఎనిమోన్ ముక్కలు ముక్కలవుతుంది. దానితో పాటు తొట్టె అంతా పాడవుతుంది. ఎనిమోన్ తేవడానికి ముందే అన్ని పంపులకూ స్పాంజి తొడుగు గాని, సన్నని జాలీ గాని బిగించాలి. ఇప్పటికీ బిగించకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి ఆ పని చేయండి. ఆ స్పాంజిని వారానికొకసారి కడగకపోతే పంపు జోరు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. ఏదో ఒక ఉదయం ఒక ఎనిమోన్ ఉన్న చోట రెండు కనిపించినా ఆశ్చర్యపోకండి. బబుల్ టిప్ నిలువుగా చీలి రెండుగా మారగలదు. బాగా తిని పెరిగినప్పుడూ చీలుతుంది, నీటిలో హఠాత్తుగా మార్పు వచ్చినప్పుడూ చీలుతుంది. అంతకుముందు వారం మీరు ఏం మార్చారో గుర్తు చేసుకుంటే ఏది కారణమో తెలిసిపోతుంది.

చేపల సంగతికి వస్తే, అవి ఒకదానికొకటి పడకపోవడమేమీ లేదు. క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చే ఎనిమోన్లు పది జాతులు. ఏ చేప ఏ ఎనిమోన్‌ను ఎంచుకుంటుందన్నది జాతిని బట్టి ఉంటుంది. క్లార్కీ రకం క్లౌన్ చేప పదింటిలోనూ ఉండగలదు. ఆసెల్లారిస్ మాత్రం సముద్రంలో మాగ్నిఫికా ఎనిమోన్‌లోనూ, రెండు రకాల కార్పెట్ ఎనిమోన్లలోనూ ఉంటుంది. బబుల్ టిప్ దాని సహజ నివాసం కాదు. తొట్టెల్లో మెల్లగా అలవాటు పడడం మాత్రం తరచు చూస్తూనే ఉంటాము. కొన్నిటికి ఒక్కరోజు చాలు, కొన్నిటికి నెలలు పడుతుంది, కొన్ని ఎప్పటికీ పోవు. పోకపోయినా ఎనిమోన్‌కు లోటు లేదు. పోతే మాత్రం చేప విసర్జించే అమ్మోనియా శైవలాలకు ఎరువుగా ఉపయోగపడుతుంది, రాత్రిపూట చేప కదలికల వల్ల దాని స్పర్శకాల మధ్యకు ఆక్సిజన్ కూడా చేరుతుంది. క్లౌన్ చేప కొనేటప్పుడు హేచరీలో పుట్టినదాన్నే అడిగి తీసుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపంలోనూ, విళింజంలోనూ వీటి సంతానోత్పత్తి పద్ధతులను ఎప్పుడో రూపొందించింది. సముద్రం నుంచి పట్టి తెచ్చినవే కావాలనడానికి కారణం లేదు.

ప్రశ్న: మే నెలలో మా ఇంట్లో ఫ్యాను కిందే కూర్చోలేము. అక్వేరియం నీరు 31 డిగ్రీలు చూపిస్తోంది, ఎనిమోన్ రంగు పాలిపోతోంది. చిల్లరు కొనడం తప్పదా? కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ)

జవాబు: బెజవాడ ఎండలకు ఎనిమోన్ పెంచుకునేవారు చిల్లరును, అంటే నీటిని చల్లబరిచే యంత్రాన్ని, ఖర్చులో మొదటే కలుపుకోవాలన్నది నా అభిప్రాయం. నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య, రోజంతా దాదాపు ఒకే తీరుగా ఉండాలి. వేడి హద్దు మీరితే ఎనిమోన్ తనలోని శైవలాలను బయటికి నెట్టేస్తుంది. రంగు పాలిపోతోందంటే అదే జరుగుతోంది. శైవలాలు పోతే దాని ప్రధాన ఆహారం పోయినట్టే. పూర్తిగా తెల్లబడినా వెంటనే చావదు, మెల్లగా కోలుకోగలదు కూడా. కోలుకునే ఆ నెలల్లో మాత్రం చిన్నచిన్న ముక్కలుగా మేత కొంచెం తరచుగా అందించాలి, లైటు తీవ్రత తగ్గించి వారాల మీద పెంచుకుంటూ రావాలి.

చిల్లరు వచ్చేలోగా తొట్టె మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గించవచ్చు. నీరు ఆవిరి కావడం వల్లనే ఈ చల్లదనం వస్తుంది కనుక గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో అంతగా పనిచేయదు. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. తగ్గిన మట్టాన్ని ఉప్పునీటితో నింపితే సాంద్రత వారం తిరిగేసరికి పెరిగిపోతుంది. ఉప్పు కలపని శుద్ధమైన నీటితోనే, రోజూ కొంచెం కొంచెంగా నింపుతూ, ఉప్పునీటి సాంద్రత కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.025, 1.026 మధ్య ఉందో లేదో చూసుకోవాలి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. గడ్డకట్టించిన నీటి సీసాను మూత బిగించి తేలనివ్వండి, అది కూడా ఒక్కొక్కటిగా.

కరెంటు పోయినప్పుడు లైటు గురించి బెంగ వద్దు, ఒక పూట చీకటి ఎనిమోన్‌ను ఏమీ చేయదు. నీటి కదలిక ఆగిపోవడమే ప్రమాదం, ఎందుకంటే వేడి నీటిలో ఆక్సిజన్ ముందే తక్కువగా ఉంటుంది. ఇంట్లో ఉండే మామూలు ఇన్వర్టరు చిల్లరు కంప్రెసరును లాగలేకపోవచ్చు గాని ఒక వేవ్‌మేకరును, గాలి పంపును గంటల తరబడి నడుపుతుంది. ఆ రెంటికీ విడిగా ఇన్వర్టరు లైను వేయించండి.

ప్రశ్న: సూర్యలంక వెళ్ళినప్పుడల్లా క్యాన్లలో సముద్రపు నీరు తెచ్చుకోవచ్చునా? ఉప్పు పొడి చాలా ఖరీదుగా ఉంది. అందులో కలపడానికి ఇంట్లో తాగే ఆర్‌ఓ నీరు చాలునా?
(ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: రెంటికీ నా సమాధానం వద్దనే. కృష్ణా ముఖద్వారానికి అంత దూరంలో లేని మన తీరంలో, ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తిన రోజుల్లో సముద్రంలో కలిసే వరదనీటి వల్ల లవణీయత బాగా పడిపోతుంది, ఒండ్రు కూడా కలిసి ఉంటుంది. ఎనిమోన్‌కు కావలసింది లీటరుకు 35 గ్రాముల దగ్గర నిలకడగా ఉండే లవణీయత. ఒకసారి తెచ్చిన క్యానుకు, మరోసారి తెచ్చినదానికి పొంతన లేకపోతే ప్రతి నీటి మార్పూ దానికి ఒక దెబ్బే.

ఇంటి ఆర్‌ఓ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆరోగ్యానికి మంచిదని నీటిలో రాగి కలిపే ఫిల్టర్లు ఇప్పుడు మన ఇళ్ళలో విరివిగా ఉన్నాయి. మనిషికి పనికివచ్చే ఆ రాగి ఎనిమోన్‌కు విషం. వెన్నెముక లేని సముద్ర జీవుల్లో చాలావి రాగిని అతి తక్కువ మోతాదులో కూడా తట్టుకోలేవు. రాగి లేని ఆర్‌ఓలో కూడా రుచి కోసం కొంత ఖనిజం మిగులుస్తారు. మీరు మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఅయొనైజేషన్ గొట్టం ఉన్న అక్వేరియం ఆర్‌ఓ పెట్టించుకుని, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపిన నీటిలోనే ఉప్పు కలపండి. చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు షాపుల్లో ఇచ్చే మందుల్లో చాలావాటిలో కాపర్ సల్ఫేట్ ఉంటుంది కాబట్టి, చేపలను వేరే తొట్టెలోకి మార్చకుండా ఆ మందు ఒక్క చుక్క కూడా వేయవద్దు.

ప్రశ్న: షాపులో నిమ్మపండు రంగు ఎనిమోన్, తెల్లని ఎనిమోన్ చూశాము. పిల్లలు పసుపుదే కావాలంటున్నారు. తొట్టె పెట్టి నెల అయింది. కొనవచ్చా?
(ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: రెండూ కొనకండి. తెల్లనిది శైవలాలు కోల్పోయినది. ఒళ్ళంతా ఒకే తీరుగా కొట్టొచ్చినట్టుండే పసుపు రంగు చాలావరకు అద్దినదే. తెల్లబడిన ఎనిమోన్లకు రంగు వేసి అమ్మే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది. ఆ రంగు కొన్ని వారాల్లో వెలిసిపోతుంది, అప్పటికి లోపల శైవలాలు లేని ఆ ప్రాణి ఆకలితో కుంగిపోయి ఉంటుంది. ఎక్కువ జాతులకు సహజమైన రంగు గోధుమ, లేత ఆకుపచ్చ. బబుల్ టిప్‌లో గులాబీ, ఎరుపు రకాలు కూడా ఉన్నాయి.

నెల నాటి తొట్టెలో అసలు ఏ ఎనిమోన్‌నూ పెట్టవద్దు. అమ్మోనియా, నైట్రైటు సున్నాకు వచ్చినంత మాత్రాన తొట్టె కుదుటపడినట్టు కాదు. క్షారత, లవణీయత, ఉష్ణోగ్రత ఊగిసలాడకుండా నిలబడడానికి కనీసం ఆరు నెలలు, ఏడాదైతే మరీ మంచిది. ఆ తరువాత షాపుకు వెళ్ళినప్పుడు మీ కళ్ళ ముందే మేత వేయించి చూడండి, నోరు బిగిసి ఉందో లేదో గమనించండి, రాయి నుంచి తీసేటప్పుడు పాదం చిరగకుండా తీస్తున్నారో చూడండి. వీలైతే రాయితో సహా తీసుకోండి. ఆ రాయి మీద సజీవమైన గట్టి పగడం ఉంటే మాత్రం తీసుకోవద్దు. మన సముద్రాల్లో పగడపు దిబ్బలను కట్టే పగడాలన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం.