అమ్మలూ, 777 జోలికి పోకు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు రాత్రి పంపిన సందేశాన్ని పొద్దున కాఫీ తాగుతూ రెండుసార్లు చదివాను. విజయవాడ ప్రెస్సులో చేరి నెల తిరగలేదు, అప్పుడే సర్వరు నీ నెత్తిన పెట్టారన్నమాట. పద్నాలుగు విండోస్ కంప్యూటర్లు, కవర్లు చేసేవారి దగ్గర రెండు మ్యాక్‌లు, మూలన ఉబుంటు అనే లినక్సు వేసిన ఒక పెట్టె. అందరి ఫైళ్లూ ఆ పెట్టెలో ఉండాలి, ఎవరి బల్ల దగ్గర వారికి తమ సొంత డిస్కులాగే కనిపించాలి. పెన్‌డ్రైవ్‌లు చేతులు మారే పద్ధతి పోవాలని మీ యజమాని కోరడం న్యాయమే. లినక్సు పెట్టెలోని ఫైళ్లను విండోస్‌కూ మ్యాక్‌కూ చూపించే ప్రోగ్రామే సాంబా. "సాంబా వేశాను పెదనాన్నా, ఒకరికి తెరుచుకుంటోంది, ఇంకొకరికి తెరుచుకోవడం లేదు, అన్నిటికీ 777 ఇచ్చేయనా?" అని అడిగావు. 777 అంటే ఎవరైనా చదవవచ్చు, రాయవచ్చు, చెరపవచ్చు అనే అనుమతి.

ఇవ్వకు. ఎందుకో ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

2006లో నేను కూడా ఇలాంటి ఒక ప్రెస్సుకే సర్వరు పెట్టాను. జూన్‌లో బడులు తెరుస్తారు, మేలో పాఠ్యపుస్తకాల పని ఊపిరి సలపనివ్వదు. పేజీలు పెట్టే కుర్రవాడు ఒకడు కొత్తగా చేరాడు. అతని పేరు గణితం ఫోల్డరు గ్రూపులో చేర్చాను. అయినా ఫైలు సేవ్ చేయబోతే అనుమతి లేదని వస్తోంది. గ్రూపు చూశాను, బాగానే ఉంది. ఫోల్డరు చూశాను, అదీ బాగానే ఉంది. వెనక యజమాని నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. చిరాకొచ్చి మొత్తం డిస్కు మీద అనుమతులు మార్చే ఆదేశం ఛ్‌మాడ్ 777 కొట్టేశాను. పని జరిగింది, టీ కూడా తెప్పించారు.

వారం తిరక్కుండా గణితం ఫోల్డరే మాయమైంది. ప్లేట్లు తీసేవాళ్లు కబురు మీద కబురు పెడుతున్నారు, నేను చెమటలు కక్కుతూ వెతుకుతున్నాను. రెండు గంటల తర్వాత అది కవర్ల ఫోల్డరు కడుపులో దొరికింది. బిల్లులు చూసుకునే గుమాస్తా మౌస్ పట్టుకుని ఏదో లాగబోయి దాన్ని లాగి అక్కడ వదిలేశాడు. ఆయనకు అసలు ఆ ఫోల్డరుతో పనే లేదు. 777 అంటే ఇంటి గుమస్తా నుంచి వీధిన పోయే దానయ్య దాకా అందరికీ తాళంచెవి ఇవ్వడమే కదా.

అసలు కారణం నాకు ఆరు నెలలకు గానీ తెలియలేదు. లోపం గ్రూపులోనూ లేదు, ఫోల్డరులోనూ లేదు. ఆ కుర్రవాడి కంప్యూటరు సర్వరుతో పొద్దుననే కలిసింది. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో సాంబా కలిసే క్షణంలోనే చూసుకుంటుంది. ఆ తర్వాత నేను గ్రూపు మార్చినా పాత కలయిక నడుస్తున్నంతసేపూ దానికి తెలియదు. అతన్ని ఒకసారి లాగౌట్ అయి రమ్మంటే సరిపోయేది. నీ దగ్గర తెరుచుకోని వాళ్లలో సగం మంది సంగతి ఇదే అయి ఉంటుందని నా అనుమానం. ముందు వాళ్లందరినీ ఒకసారి లాగౌట్ చేయించి చూడు.

మిగిలిన సగానికి రెండు తాళాల లెక్క తెలియాలి. ప్రతి ఫోల్డరుకూ ఒక తాళం సాంబాది, ఒక తాళం లినక్సుది. సాంబా అమరికలు ఉండే ఎస్‌ఎంబి డాట్ కాన్ఫ్ ఫైలులో వ్యాలిడ్ యూజర్స్ అని రాసే వరుస మొదటి తాళం. డిస్కు మీద ఆ ఫోల్డరు యజమాని ఎవరు, గ్రూపు ఏది, ఎవరు రాయవచ్చు అనేది రెండోది. రెండూ తెరుచుకుంటేనే మనిషి లోపలికి వెళతాడు. సాంబాలో రాసే హక్కు ఇచ్చి లినక్సులో ఇవ్వకపోతే రాయలేరు. 777 కొట్టడమంటే రెండో తాళాన్ని పీకి పారేయడం. నీది ఉబుంటు కాబట్టి బతికిపోయావు, రెడ్‌హ్యాట్ కుటుంబపు లినక్స్ అయితే ఎస్‌ఇలినక్స్ అనే మూడో తాళం కూడా ఉంటుంది. పాస్‌వర్డులు కూడా అంతే. లినక్సు పాస్‌వర్డు వేరు, సాంబా పాస్‌వర్డు వేరు. ప్రతి మనిషినీ smbpasswd ఆదేశంతో విడిగా చేర్చాలి.

కాబట్టి ఇప్పుడు ఆ కాన్ఫ్ ఫైలు మూసెయ్. ఒక తెల్ల కాగితం తీసుకుని ఎడమవైపు మనుషుల పేర్లు, పైన ఫోల్డర్ల పేర్లు రాసి గళ్లు గియ్యి. చదవడం మాత్రమేనా, రాయడం కూడానా అని గడి గడికీ అడిగి నింపు. అడగాల్సింది యజమానిని కాదు, ఆ పని చేసేవాళ్లను. "ప్రూఫులు దిద్దేవారు పేజీల ఫైలు తెరుస్తారా, లేక కాగితం మీదే దిద్దుతారా?" అన్న ప్రశ్నకు జవాబు ప్రూఫులు దిద్దే ఆవిడకు తెలిసినంత యజమానికి తెలియదు. కాగితం నిండాక చూడు, గ్రూపులు వాటంతట అవే కనిపిస్తాయి. నీ ప్రెస్సుకు నాలుగైదుకు మించవు. హక్కులు ఎప్పుడూ గ్రూపుకే ఇవ్వు, మనిషికి ఇవ్వకు. మనుషులు మానేస్తారు, గ్రూపులు మానవు.

ఫోల్డర్లకు 2770 పెట్టు. 770 అంటే యజమానికీ గ్రూపుకూ అన్ని హక్కులూ, బయటివారికి ఏమీ లేవు. ముందున్న ఆ 2 వల్ల లోపల ఎవరు ఏ ఫైలు చేసినా అది ఫోల్డరు గ్రూపుకే చెందుతుంది. కొత్త ఫైళ్లకూ ఫోల్డర్లకూ ఏ హక్కులు రావాలో చెప్పడానికి సాంబాలో క్రియేట్ మాస్క్ 0660, డైరెక్టరీ మాస్క్ 2770 అని రాయి. రాయకపోతే ఫైళ్లకు మామూలుగా అది 0744 తీసుకుంటుంది. అప్పుడు ఒకరు చేసిన ఫైలును పక్క బల్లవారు చదవగలరే గానీ దిద్దలేరు. "నిన్న నేను పెట్టిన పేజీ ఆవిడకు సేవ్ కావడం లేదు" అన్న ఫిర్యాదు వస్తే నేరుగా ఇక్కడే చూడు.

ఒక ప్రమాదం గట్టిగా చెప్పాలి. కాన్ఫ్ ఫైలులో తనకు అర్థం కాని మాట కనిపిస్తే సాంబా ఆగదు, దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. వ్యాలిడ్ అన్న మాటలో రెండు అక్షరాలు అటూ ఇటూ అయ్యాయనుకో, ఆ వరుస లేనట్టే లెక్క. జీతాల ఫోల్డరుకు నువ్వు వేశాననుకున్న మొదటి తాళం పడనే పడదు. పైగా అన్నీ బ్రహ్మాండంగా నడుస్తాయి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. అందుకే ఫైలు ముట్టుకున్న ప్రతిసారీ దాన్ని తనిఖీ చేసే టెస్ట్‌పార్మ్ నడిపి అది చెప్పేది మొదటి వరుస నుంచి చదువు. తెలియని మాట తగిలిందని పైనే చెబుతుంది, మనమే కిందికి జారిపోతాం. ఒకసారికి ఒక మార్పే చెయ్యి, పాత ఫైలుకు తేదీ వేసి నకలు ఉంచుకో.

పరీక్ష కూడా సర్వరు దగ్గర కూర్చునే మొదలుపెట్టు. ఎస్‌ఎంబిక్లయింట్ అనే ఆదేశంతో, తెరుచుకోని మనిషి పేరు మీద లోపలికి వెళ్లి చూడు. అక్కడ తెరుచుకుంటే నీ తాళాలు సరైనవే, తేడా దారిలోనో విండోస్‌లోనో ఉంది. విండోస్‌కు ఒక మొండితనం ఉంది. ఒక లాగిన్ నుంచి ఒకే సర్వరుకు రెండు వేర్వేరు పేర్లతో వెళ్లనివ్వదు, 1219 అని అంకె చూపిస్తుంది. నువ్వు పరీక్ష కోసం నీ పేరుతో ఒకసారి కలిపి, తర్వాత వాళ్ల పేరుతో కలపబోతే ఇదే వస్తుంది. నెట్ యూజ్ ఆదేశంతో పాత కలయికలు తుడిచేసి మళ్లీ కలుపు. నెట్‌వర్క్ బొమ్మలో సర్వరు కనిపించడం లేదని ఎవరైనా అంటే పట్టించుకోకు. పేరుతో డ్రైవు అక్షరం కేటాయించెయ్, వాళ్లకు కావలసింది అదే. సర్వరు పేరు 15 అక్షరాలు దాటనివ్వకు.

ఇంతకీ ఈ సాంబా ఎక్కడిదో మీ కాలేజీలో చెప్పారో లేదో. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి తన పీసీ నుంచి యూనిక్స్ డిస్కు చూడాలనుకున్నాడు. రెండు యంత్రాల మధ్య తీగలో ఏమి పోతోందో పట్టి చూసి, ఆ సంభాషణ విని, జవాబు చెప్పే ప్రోగ్రాము రాశాడు. అది విండోస్ ప్రపంచపు ఎస్‌ఎంబి అనే ఫైళ్లు పంచుకునే భాషేనని అతనికి తర్వాత తెలిసింది. మొదట పెట్టిన పేరు వేరే కంపెనీదని అభ్యంతరం వస్తే, నిఘంటువు ఫైలులో ఎస్, ఎం, బి అక్షరాలు అదే క్రమంలో వచ్చే మాటలు వెతికించాడు. అలా దొరికింది సాంబా. నాట్యంతో దీనికి ఏ సంబంధమూ లేదు.

ఇక మన ప్రెస్సుల్లో మాత్రమే తగిలే చిక్కు ఒకటుంది. ఇంగ్లిషు పుస్తకాల్లో ఇది దొరకదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇప్పుడు అందరూ ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెడుతున్నారు, సంతోషం. లినక్సులో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగుకు యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకు మూడు కావాలి. అంటే 85 గుర్తులు. అది చాలా ఎక్కువ కదా అనుకుంటావు. "స్త్రీ" అని రాసి చూడు. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు. అదే విండోస్ తన డిస్కులో బైట్లు కాక గుర్తులు లెక్కపెట్టి 255 దాకా ఒప్పుకుంటుంది. అందువల్ల పాఠం పేరు, తరగతి, భాగం, ఎన్నో ప్రూఫు, ఎవరు దిద్దారు అని ఒక వాక్యమంత పేరు పెట్టిన ఫైలు పెట్టినవారి కంప్యూటరులో చక్కగా ఉంటుంది. సర్వరుకు కాపీ చేయబోతే పోదు. విండోస్ చూపించే సందేశం చూస్తే తప్పు పేరు పొడవుదని ఎవరికీ తట్టదు, నిన్నే తిడతారు. తరగతి, పాఠం ఫోల్డరు పేర్లలోకి పంపి ఫైలు పేరు పొట్టిగా ఉంచమని మొదటి రోజే చెప్పు.

ఐత్వం ఇంకో తమాషా. మ్యాక్‌ల పాత పద్ధతి డిస్కులు "రైతు"లోని ఐత్వాన్ని ఎత్వంగానూ దాని కింది గుర్తుగానూ విడదీసి దాచుకుంటాయి. అలాంటి డిస్కు నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ఆదేశంతో నేరుగా సర్వరుకు తెచ్చావనుకో, విండోస్‌లో టైపు చేసిన "రైతు", అది పక్కపక్కనే రెండు ఫైళ్లుగా కూర్చుంటాయి. చూడటానికి కవలలే, కంప్యూటరుకు వేరు వేరు. వెతికితే ఒకటే దొరుకుతుంది. తెచ్చేటప్పుడే ఆర్‌సింక్‌లో అక్షరాల రూపం మార్చే ఐకాన్‌వ్ ఎంపిక వాడి పేర్లు మార్పించు. మ్యాక్‌ల కోసం సాంబాలో కేటియా, ఫ్రూట్, స్ట్రీమ్స్ ఎక్స్‌యాటర్ (streams_xattr) అనే మూడు మాడ్యూళ్లు, అంటే అదనపు భాగాలు, అదే వరుసలో రాయి, మిగతా గొడవలు చాలావరకు అవే సర్దుతాయి.

రీసైకిల్ మాడ్యూలు కూడా పెట్టు. నెట్‌వర్కు మీద చెరిపిన ఫైలు విండోస్ చెత్తబుట్టలోకి రాదు, పోయిందంటే పోయినట్టే. ఈ మాడ్యూలు ఉంటే సర్వరులో ఒక చాటు ఫోల్డరులోకి వెళుతుంది. బ్యాకప్ వేరే డిస్కుకు, ఆ డిస్కు వేరే గదిలో. ఇది నీకు తెలుసు, నేను ఊరికే రాస్తున్నాను.

యజమాని ఏదో ఒక రోజు అడుగుతారు: "ఇంటి నుంచి కూడా చూసుకునేలా చేయరాదా అమ్మా?" అప్పుడు రూటరులో సాంబా వాడే 445 పోర్టు బయటికి తెరవకు. ఆయన ఎంత మర్యాదగా అడిగినా సరే. 2017 మేలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము వచ్చినప్పుడు విండోస్‌లో పాత ఎస్‌ఎంబి లోపం పట్టుకునే ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అదే నెలలో సాంబాలో సైతం ఒక పెద్ద లోపం బయటపడి సవరణ విడుదల చేశారు. ఇంటి నుంచి కావాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్, అంటే ఇంటర్నెట్‌లో గుప్తమైన సొంత దారి, పెట్టి దాని లోపలి నుంచే రమ్మను.

నువ్వు చివర్లో అడిగిన స్కానరు సంగతి. స్కాన్ చేసినవి నేరుగా ఫోల్డరులోకి పంపే ఆ పెద్ద జిరాక్సు యంత్రం సర్వరుతో కలవడం లేదన్నావు. యంత్రం పాతదైతే దానికి ఎస్‌ఎంబి మొదటి వెర్షను తప్ప వేరే భాష రాకపోవచ్చు. 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి ఆ వెర్షను మామూలుగా మూసే ఉంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే సర్వర్ మిన్ ప్రోటోకాల్‌ను ఎన్‌టీ1కు, అంటే ఆ మొదటి వెర్షనుకు, దించమని సలహా ఇస్తారు. ఒక్క యంత్రం కోసం ఇంటి తలుపులన్నీ బార్లా తెరవడం అది. దానికి ఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి వస్తుందేమో చూడు. వస్తే స్కాన్లకు మాత్రమే ఒక ఫోల్డరు ఇచ్చి, ప్రెస్సు లోపలి వరకే పరిమితం చేస్తే సరి. యంత్రం వెనక అంటించిన చీటీని ఫోటో తీసి మోడల్ నంబరు పంపు. ఆదివారం మీ పెద్దమ్మా నేనూ ఎలాగూ వస్తున్నాం. ఈలోగా దాని మాన్యువల్ సంపాదించి చదివి ఉంచుతాను. ఆ గళ్ల కాగితం కూడా అప్పటికి నింపి పెట్టు.

ఇట్లు
పెదనాన్న