మురికి నీళ్ల చదువుకు అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కెమికల్ ఫైనలియర్. ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీళ్లను కరెంటుతో శుద్ధి చేయడంపై ఎంటెక్ చేస్తానంటోంది. స్కోప్ ఉందా? డేటా సైన్స్ అయితే మేలా?
– ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: మీ టెన్షన్ స్కోప్ గురించి కాదండీ. ‘ఆడపిల్ల, ఆ కంపు దగ్గరా?’ అన్నది మీరు రాయకుండా వదిలేసిన మాట. పటాన్‌చెరు పక్కనే ఉంటున్నారు, ఆ నీళ్లను ఎవరో ఒకరు బాగుచేయాలనే కోరుకుంటారు. మీ అమ్మాయి మాత్రం వద్దా? ఎంటెక్‌లో ఆమె పని ఎక్కువగా ల్యాబ్‌లోనే. నీళ్లలోకి కరెంటు పంపే పాత్ర (సెల్) నుంచి క్లోరిన్, హైడ్రోజన్ వస్తాయి కాబట్టి, వాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద చేస్తారు. భయపడకండి.

నా అనుమానం వేరు. ‘కెమికల్స్ వద్దు, కరెంటు చాలు’ అని ఈ టెక్నాలజీని అమ్ముతున్నారు. సగమే నిజం. ఫార్మా, డైయింగ్ యూనిట్ల నీళ్లలో ఉప్పు ఎక్కువ. కరెంటు పెట్టగానే ఆ ఉప్పులోని క్లోరైడ్ యానోడ్ (ప్లస్ కొన) దగ్గర క్లోరిన్ అవుతుంది. రంగు ఇట్టే విరిగిపోతుంది. కానీ అదే క్లోరిన్ మిగిలిన సేంద్రియ పదార్థాలతో కలిసి క్లోరోఫామ్ లాంటి విషాలను పుట్టిస్తుంది. బోరాన్ కలిపిన డైమండ్ యానోడ్ వాడితే క్లోరేట్, పెర్‌క్లోరేట్ దాకా పోవచ్చు. పెర్‌క్లోరేట్ థైరాయిడ్‌కు అయోడిన్ అందనివ్వదు. రిపోర్టులో సీఓడీ (నీళ్లలోని సేంద్రియ కాలుష్యానికి కొలత) తగ్గి, నీళ్లు తేటగా కనిపించినా, విషం ఉందో లేదో చూడటానికి అందులో వదిలిన ఆవగింజంత నీటి పురుగులు, డాఫ్నియాలు, 48 గంటల్లో కదలకుండా పడిపోవచ్చు.

శుద్ధి చేశామన్నంత మాత్రాన విషం పోయినట్టు కాదు. మీ పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. కరెంటు ఎంత పెట్టాలో, ఎక్కడ ఆపాలో, చివర్లో కార్బన్ ఫిల్టర్ కావాలో లేదో తేల్చగల మనిషికి పనికి కొదవుండదు. ఫార్మా కంపెనీల ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగాలు, ఈటీపీలు (ఫ్యాక్టరీ నీళ్ల శుద్ధి ప్లాంట్లు), కన్సల్టెన్సీలు ఉన్నాయి. పరిశోధనకు తార్నాకలో ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), నాగ్‌పూర్‌లో ‘నీరి’ (పర్యావరణ పరిశోధన సంస్థ) ఉన్నాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండొచ్చు, అది దాచను.

డేటా సైన్స్ అంటారా, ఎదురింటి అబ్బాయిని చూసి అడిగినట్టుంది. పైథాన్ ఎంటెక్ చదువుతూ కూడా నేర్చుకోవచ్చు. ఇష్టం లేని కోర్సుకు లక్షలు కట్టకండి.

గేట్ సంగతి ఆమెకు తెలుసు. చేరేముందు గైడ్‌ను రెండు ప్రశ్నలు అడగమనండి: ల్యాబ్‌లో క్లోరేట్, పెర్‌క్లోరేట్‌లను కొలిచే అయాన్ క్రొమటోగ్రఫీ ఉందా? శుద్ధయ్యాక టాక్సిసిటీ (విషం) టెస్టు చేస్తారా? సీఓడీ గ్రాఫులు మాత్రమే చూపిస్తే వేరే గైడ్‌ను వెతుక్కోమనండి.