అప్పు తర్వాత, ముందు పుట్టపర్తికి రండి

నాయనా,

నిన్న ఫోన్లో నీ మాట విన్నప్పట్నుంచి నాకు నిద్ర లేదు. కోడలికి గుండెలో రక్తం పోయే తలుపులాంటి మైట్రల్ వాల్వ్ మూసుకుపోతోంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు, మూడు రూపాయల వడ్డీకి తెస్తా లేదంటే పైచేను అమ్మేస్తా అన్నావు. ఇప్పుడే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. మీ అక్కకి ఇదే జబ్బు వచ్చినప్పుడు మేం ఆ తప్పే చేశాం, టౌన్లో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో ఎకో అనే గుండె స్కాన్, ఐసీయూ, మళ్లీ ఎకో అని తిప్పి తిప్పి ఎకరం డబ్బు కరిగించారు, వాల్వ్ మాత్రం అట్లే ఉండె. ఆ తర్వాతే పుట్టపర్తిలో సత్యసాయి బాబా వాళ్ల ఫ్రీ సూపర్ హాస్పిటల్‌కి తీసకపోయినాం.

ఫ్రీ అంటే ఏం చూస్తార్లే అని మీ మామగారు అంటున్నారంట, ఆయనకి చెప్పు, అది 1991 నవంబర్ 22న అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు గారు ప్రారంభించిన హాస్పిటల్, మొదటి రోజు నుంచి గుండె ఆపరేషన్లకే పేరు. అంతకుముందు 1956 నుంచే ఊళ్లో జనరల్ హాస్పిటల్ ఉంది, తర్వాత 2001లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఇంకోటి పెట్టారు, అక్కడ మెదడు, వెన్నెముక ఆపరేషన్లు కూడా చేస్తారు. కులం, మతం, ఏ ఊరు అని చూడరు. మీ అక్కని డిశ్చార్జ్ చేసిన రోజు నేను చీర కొంగుకి ముడేసిన డబ్బు విప్పుకుంటూ బిల్లు ఎక్కడ కట్టాల తల్లీ అని నర్సమ్మని అడిగితే, ఇక్కడ బిల్లు కౌంటర్ లేదమ్మా అనింది. ఆ ముడి మళ్లీ వేసుకునేటప్పుడు నా చేతులు వణికినాయి.

ఇంక నువ్వు చెయ్యాల్సింది విను. పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టు, ఎకో కాగితం ఒక్కటే కాదు, ఈసీజీ, రక్త పరీక్షలు, వాడుతున్న మాత్రల చీటీలు కూడా, ఆధార్ కార్డు మర్చిపోవద్దు. ఏ రోజు కొత్త పేషెంట్లని చూస్తారో, పేరు ఎట్లా రాయించుకోవాలో ముందే హాస్పిటల్‌కి ఫోన్ చేసి కనుక్కో. ముందురోజు రాత్రికే చేరుకోండి, పొద్దున పరిగెత్తే పని పెట్టుకోవద్దు. త్వరగా చేయిస్తా వెయ్యి ఇవ్వు అని దారిలో ఎవరైనా తగిలితే పైసా ఇవ్వొద్దు, అక్కడ డబ్బుతో జరిగే పని లేదు. చూసిన రోజే ఆపరేషన్ అని కూడా అనుకోవద్దు, డేట్ ఇస్తారు, కాచుకోవాల. కొందరికి కోత లేకుండా బెలూన్‌తోనే వాల్వ్ వెడల్పు చేస్తారు, అది కుదురుతుందా లేదా డాక్టర్లే చెప్తారు. ఈలోగా కోడలికి ఆయాసం ఎక్కువై పడుకోలేకపోతే మాత్రం పుట్టపర్తి దాకా ఆగొద్దు, దగ్గర్లో ఉన్న పెద్ద హాస్పిటల్‌కే తీసకపో, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్లు ఉన్నాయి, మీ కార్డు పని చేస్తుందా లేదా రేపే చూసుకో.

ఆపరేషన్ కంటే నాకు ఎక్కువ భయం దాని తర్వాతిది. మెటల్ వాల్వ్ వేస్తే రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వెయ్యాల, జీవితాంతం. మాత్రలు తప్పిస్తూ పోతే వాల్వ్ దగ్గర గడ్డ కట్టొచ్చు. రక్తం ఎంత పల్చగా ఉందో చూసే పీటీ ఐఎన్ఆర్ టెస్ట్ డాక్టర్ చెప్పిన తేదీకి చేయించాల, బాగానే ఉన్నా కదా అని ఆపేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నోళ్లని నేను చూసినా. మీ అక్క రాత్రి ఎనిమిదికి మాత్ర వేసుకుని గోడ క్యాలెండర్లో టిక్కు పెడ్తుంది, ఇల్లంతా సద్దుమణిగినాక పక్కన పడుకుంటే ఆ వాల్వ్ టిక్ టిక్ అని నాకు వినపడ్తుంది, ఆ చప్పుడు వింటేనే నాకు నిద్ర. ఆకుకూరలు ఆ మాత్ర పనిని తగ్గించొచ్చు, అట్లని మానెయ్యక్కర్లేదు, ఒకరోజు గంపెడు ఒకరోజు అసలు లేకుండా కాకుండా ఎప్పుడూ ఒకే లెక్కన తినాల. నొప్పి మాత్రలు మెడికల్ షాపోడిని అడిగి మింగొద్దు. పన్ను పీకించాలన్నా, ముఖ్యంగా బిడ్డ కావాలనుకున్నా ముందు గుండె డాక్టర్‌ని అడగాల, ఈ మాట కోడలికి నువ్వు కాదు, నేనే చెప్తా.

ఇంకోటి, ఈ జబ్బు చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్లవాపు వచ్చి సరిగా వైద్యం లేకపోతే వస్తుందంట. అట్లాంటి పిల్లలకి ఇరవయ్యొక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేస్తారు. మీ చిన్నదానికి మోకాళ్లు వాచినాయని పోయిన సంక్రాంతికి అన్నావు, దాన్ని కూడా చూపించు, మర్చిపోవద్దు.

రైల్లో రండి, ప్రశాంతి నిలయం స్టేషన్లో దిగితే హాస్పిటల్ దగ్గరే. టికెట్ చేసినాక ఫోన్ చెయ్, నేను ధర్మవరంలో ఎక్కుతా, కోడలి పక్కన ఆడమనిషి ఉండాల. నా దగ్గర ఉన్న దుప్పట్లు, ఫ్లాస్కు తెస్తాలే, నువ్వు కాగితాల సంచి ఒక్కటి జాగ్రత్తగా పట్టుకో.

మీ పెద్దమ్మ