పాత బైక్ డిస్క్ బ్రేక్ లీవర్ స్పాంజిలా దిగిపోతోంది. గాలి ఎలా తీయాలి?

బ్రేక్ ఫ్లూయిడ్ (లీవర్ నొక్కిన బలాన్ని చక్రం దాకా మోసే ద్రవం) నొక్కితే కుదించుకుపోదు, అందులో చేరిన గాలి కుదించుకుపోతుంది. అందుకే మీ చేతి బలం డిస్క్‌ని పట్టుకునే ప్యాడ్ల దాకా చేరకుండా బుడగల దగ్గరే ఆగిపోతోంది.

ముందు మాస్టర్ సిలిండర్ (లీవర్ దగ్గర ఫ్లూయిడ్ డబ్బా ఉండే భాగం) మూత మీద ఏ ఫ్లూయిడ్ అని రాసుందో చూడండి. డాట్ 3, డాట్ 4 ఒకే జాతి. డాట్ 5 సిలికాన్, వాటిలో కలపకూడదు. ట్యాంకు మీద గుడ్డ కప్పండి, చుక్క పడినా పెయింట్ లేస్తుంది.

కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లు ఉండే భాగం) మీదున్న నిపుల్‌కి, అంటే గాలి తీసే చిన్న స్క్రూకి, సన్నటి పారదర్శక పైపు తొడిగి, రెండో కొసను కాస్త ఫ్లూయిడ్ పోసిన సీసాలో ముంచండి. లీవర్ నొక్కిపట్టి, నిపుల్ పావు చుట్టు వదులు చేసి, మళ్లీ బిగించాకే లీవర్ వదలండి. ఈ వరస తప్పితే గాలి వెనక్కి లాగేస్తుంది. బుడగలు ఆగేదాకా ఇదే పని. పైన డబ్బా ఖాళీ అయిందా, గాలి దూరి కథ మళ్లీ మొదటికే.

పాత బళ్లతో అసలు తలనొప్పి తుప్పుపట్టిన నిపుల్. బలవంతం చేస్తే పుటుక్కున విరుగుతుంది. ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి (డిస్క్ మీద పడనీయకండి), రింగ్ స్పానర్‌తోనే తిప్పండి.

ఇంకా మెత్తగా ఉంటే లీవర్‌ని హ్యాండిల్‌కి కట్టేసి రాత్రంతా ఉంచండి. పొద్దున వదిలితే చాలాసార్లు మిగిలిన బుడగలు పైకొచ్చేస్తాయి. అప్పటికీ మారకపోతే మాస్టర్ సిలిండర్ సీల్‌నో, ఉబ్బుతున్న పాత రబ్బరు హోస్‌నో అనుమానించాలి.