గీత ఉబ్బిందా, లోపలికి దిగిందా?

ప్రశ్న: మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో 1862 నాటి విక్టోరియా వెండి రూపాయలు నాలుగు దొరికాయండి. ఒకదాన్ని చింతపండుతో తోమాం. ఇంకోదాని మీద రాణి బుగ్గ మీదుగా సన్నటి గీత ఉంది. మూడోది చేతికి తేలిగ్గా అనిపిస్తోంది. కొంటానన్న ఆయన తోమినది బాగుందని, గీత ఉన్నది పాడైపోయిందని అన్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లేదమ్మా, తోమినదే పాడైంది. మిగతా మూడింటినీ దయచేసి తోమొద్దు. అచ్చు దెబ్బకి వెండి అంచుల వైపు పారినప్పుడు వచ్చే సన్నటి మెరుపు ఒక్కసారి పోయిందంటే ఇక రాదు, నలుపు మాత్రం కాలం ఇచ్చిన రంగు, తెలిసినవాళ్లు దానికే ఎక్కువ ఇస్తారు. నాణెం ఎంత బాగుందో పరీక్షించి చెప్పే గ్రేడింగ్ సంస్థలు మామూలుగా 1 నుంచి 70 దాకా అంకె వేస్తాయి, తోమిన నాణేనికి చాలాసార్లు అంకె వేయకుండా ‘క్లీన్డ్’ అని రాసి పంపేస్తాయి.

గీత ఉన్నదాన్ని భూతద్దం కింద పెట్టి, వెలుగు పక్కనుంచి పడేలా కొంచెం ఏటవాలుగా పట్టుకుని చూడండి. పైకి ఉబ్బి ఉంటే అది దెబ్బ కాదు, టంకశాలలో అచ్చు పగిలి ఆ పగుల్లోకి వెండి దూరింది, అంటే నాణెం పుట్టుకతోనే వచ్చిన గీత. లోపలికి దిగి ఉంటే తర్వాత ఎవరి చేతిలోనో పడ్డ గాటు. పగులు గీత ఉన్నంత మాత్రాన వేలు రావు గానీ, దాన్ని పాడైన నాణెం అని చెప్పి ధర తగ్గించడం అన్యాయం.

తేలిక రూపాయి సంగతే నాకు టెన్షన్‌గా ఉంది. అసలు బరువు 11.66 గ్రాములు, పాతకాలపు తులం, ఇప్పుడు మన కంసాలులు లెక్కేసే పది గ్రాముల తులం కాదు. నమ్మకమైన కంసాలి దగ్గర మెషీన్ కాటా మీద పెట్టించండి. జుట్టు పాయలు, చెవి, బట్టల మీది పూలపని అరిగిపోయి ఉంటే కాస్త తగ్గడం సహజమే, కానీ బొమ్మ కొత్తదానిలా ఉండి బరువు పది గ్రాముల దగ్గర ఆగితే ఆ రెండూ కలిసి కుదరవు, దొంగదే. పోతపోసినదైతే అంచు మధ్యలో అతుకు గీత, ఒంటి మీద సూదిమొన చుక్కల్లాంటి గుంటలు కనిపిస్తాయి. అయస్కాంతానికి అంటుకోలేదని మాత్రం నమ్మేయకండి, ఇత్తడి కూడా అంటుకోదు. అంచు పైభాగంలో అతుకు మచ్చ ఉందేమో కూడా చూడండి, దండలో గుచ్చడానికి కొక్కెం పెట్టించి తర్వాత తీయించిన రూపాయలు మన ఇళ్లలో చాలానే ఉంటాయి, వాటికీ ధర తగ్గుతుంది.

ఇంకో మాట, 1862 అనే అంకెతోనే ఆ రూపాయల్ని 1874 దాకా కొట్టారు. వెనకవైపు తేదీ దగ్గర చిన్న చుక్కలు ఉంటే లెక్కపెట్టి నాకు రాయండి, కొన్ని రకాలు నిజంగానే అరుదు, అది తేలేదాకా అమ్మకండి.

ప్రశ్న: వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకి లక్షలు ఇస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని ఫోన్ చేస్తున్నారు. కట్టమంటారా?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఆ బిళ్లలు లెక్కలేనన్ని ఉన్నాయి. తాము పాత నాణేల వ్యాపారం చేయబోమని, కమిషన్ అడగబోమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.